అంచు మీది మాట

ఇంగ్లండు రాజుగారి టంకశాల 1775 తర్వాత రాగి నాణేలు కొట్టడం మానేసింది. రాజముద్రతో మళ్లీ కొత్త రాగి నాణెం జనం చేతికి రావడానికి 22 ఏళ్లు పట్టింది. వచ్చినప్పుడు కూడా అది ప్రభుత్వ టంకశాలలో తయారైంది కాదు. సరిగ్గా ఆ మధ్యకాలంలోనే ఏరుల ఒడ్డున నూలు మిల్లులు లేచాయి, రాగి గనులు లోతుకు దిగాయి, ఇనుప కొలుములు పెద్దవయ్యాయి. వందలాది మందికి వారం వారం కూలి బట్వాడా చేయాలి. కూలి లెక్క షిల్లింగుల్లో, కూలివాడి ఖర్చు పెన్నీల్లో. చిల్లర మాత్రం లేదు. ఉన్న చిల్లరలో దొంగ నాణేలే ఎక్కువ. 1787లో టంకశాల వాళ్లే చలామణిలో ఉన్న అర్ధపెన్నీలు తెప్పించి చూస్తే, అసలువని ఒప్పుకోదగ్గవి నూటికి పది కూడా తేలలేదు.

యజమానులు పడిన పాట్లు చిన్నవి కావు. నలుగురికి కలిపి ఒక పెద్ద నాణెం చేతిలో పెట్టి మీరే పంచుకోండి అనేవారు. దాన్ని మార్చుకోవడానికి ఆ నలుగురూ సారాకొట్టుకు పోక తప్పేది కాదు, అక్కడ తాగకుండా చిల్లర దొరికేది కాదు. కొన్నిచోట్ల పొద్దున కొందరికి కూలి ఇచ్చి, ఆ డబ్బు కొట్లో ఖర్చయి తిరిగి వచ్చాక అదే డబ్బుతో సాయంత్రం మిగతావాళ్లకు ఇచ్చేవారు. ఇదంతా విసిగి, 1787 నుంచి కంపెనీలు సొంత బిళ్లలు కొట్టించుకోవడం మొదలుపెట్టాయి.

కంపెనీ బిళ్ల అనగానే కంపెనీ కొట్టు గుర్తొస్తుంది, దోపిడీ గుర్తొస్తుంది. ఆ మాట నిజమే, దాని దగ్గరికీ వస్తాను. కానీ ఈ వ్యాసం ముందుగా ఆ బిళ్లల పనితనం గురించి. వాటిని చేసినవాళ్లు ఉక్కులో ఏం చెక్కారు, ఎక్కడ ఎక్కువ శ్రద్ధ పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఎవరి మీద ఎవరికి అనుమానం ఉందో సరిగ్గా అక్కడే వాళ్ల నేర్పంతా పోగుపడింది.

మొదటి బిళ్ల నుంచే మొదలుపెడదాం. వేల్స్ వాయవ్య మూలన ఆంగ్లసీ అనే ద్వీపం. అందులో పారిస్ పర్వతం. 1768లో అక్కడ రాగి గొప్పగా దొరికింది. తర్వాతి రోజుల్లో ఆ రాగి వ్యాపారమంతా గుప్పిట్లో పెట్టుకున్న థామస్ విలియమ్స్ వృత్తిరీత్యా లాయరు. రాగి తమదే, కూలివాళ్లు తమవాళ్లే, చిల్లర కొరతా తమదే. 1787లో పారిస్ మైన్ కంపెనీ పేరు మీద పెన్నీ బిళ్లలు కొట్టించాడు. మొదట హోలీవెల్‌లో, తర్వాత బర్మింగ్‌హామ్‌లో.

దాని బొమ్మ వైపు ఒక డ్రూయిడ్ తల. క్రీస్తుశకం తొలి శతాబ్దంలో రోమన్లు వచ్చి పడేదాకా ఆంగ్లసీ ఆ పురోహితులకు పెట్టనికోట. తల మీద ముసుగు, కిందికి జారిన గడ్డం, చుట్టూ ఓక్ ఆకుల దండ, ఆకుల మధ్య కాయలు. ఆ వైపు ఒక్క అక్షరం లేదు. పేరు లేదు, బిరుదు లేదు, దేవుడి దయ ప్రస్తావన లేదు. నాణెం మీద బొమ్మ చుట్టూ అక్షరాలు నింపకుండా ఉండగలగడం చెక్కేవాడికి అంత సులువు కాదు, ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇక్కడ ఊరుకుంది. ముసుగు మడతలు రెండు మూడు గీతల్లోనే పడ్డాయి. గడ్డం మాత్రం పాయలు పాయలుగా, ఒక్కో పాయకు వెలుగు పడే వైపు, నీడ పడే వైపు తెలిసేలా ఉంది. కంటి గుంట లోతుగా ఉండటం వల్ల ఎంత అరిగినా ముఖం ముఖంలాగే నిలుస్తుంది. అది యాదృచ్ఛికం అనుకోను. నాణెం చెక్కేవాడు కొత్త నాణేన్ని ఊహించుకుని చెక్కడు, పదేళ్లు జేబుల్లో రాపిడి పడ్డ నాణేన్ని ఊహించుకుని చెక్కుతాడు.

రెండో వైపు మధ్యలో కంపెనీ పొడి అక్షరాలు మూడూ పెనవేసుకున్న ముద్ర, సంవత్సరం. చుట్టూ రాసింది, తెచ్చినవాడికి ఒక పెన్నీ చెల్లిస్తామని హామీ. ఎక్కడ చెల్లిస్తారు? దానికి బిళ్లను నిలబెట్టి అంచు చూడాలి. అడిగిన వెంటనే లండన్‌లో, లివర్‌పూల్‌లో, లేదా ఆంగ్లసీలో అని అంచు పొడవునా ఉంది.

ఆ అంచు దగ్గర కాస్త ఆగాలి. గుండ్రటి బిళ్ల అంచు మీద, అంత సన్నటి జాగాలో, అక్షరాలు ఎలా పడతాయి? ముద్ర వేయడానికి ముందే ఆ పని చేస్తారు. రెండు ఉక్కు పట్టీలు పక్కపక్కన ఉంటాయి, ఒక్కో దాని మీద సగం సగం వాక్యం చెక్కి ఉంటుంది. ఒక పట్టీ కదలదు, రెండోది పళ్ల చక్రంతో ముందుకు జరుగుతుంది. రాగి బిళ్లను ఆ రెంటి మధ్య పెట్టి తిప్పితే, రెండు అరచేతుల మధ్య వత్తి చేసినట్టు, బిళ్ల దొర్లుకుంటూ పోయి అరచుట్టు తిరిగేసరికి రెండు సగాలూ అంచుకెక్కుతాయి. పట్టీ పొడవు బిళ్ల చుట్టుకొలతకు సరిపోకపోతే ఒక అక్షరం మీద ఇంకొకటి ఎక్కుతుంది, లేదా మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆ తర్వాత పై కింది ముద్రల మధ్య బిళ్లను పెట్టి దెబ్బ కొట్టినప్పుడు రాగి పక్కలకు సాగుతుంది, అప్పుడు అంచు అక్షరాలు కొంత నలుగుతాయి. అంటే అంచు చదవగలిగేలా మిగలాలంటే దెబ్బ బలం, బిళ్ల మందం, పట్టీ లోతు మూడూ కుదరాలి. పాత బిళ్లలు చూస్తే కొన్నిటి మీద లివర్‌పూల్ స్పష్టంగా ఉంటుంది, లండన్ సగం చెదిరి ఉంటుంది.

ఇంత తంటా ఎందుకు? దొంగ నాణేలు చేసేవాడు పోత పోస్తాడు, లేదా నాసిరకం ముద్రలతో పలుచటి రేకు మీద కొడతాడు. అంచు పట్టీల యంత్రం వాడి కొట్టంలో ఉండదు. పైగా పలుచటి రేకుకు అక్షరాలు పట్టే అంచే ఉండదు. అంచు మీద రాత ఉందంటే బిళ్లకు మందం ఉంది, బరువు ఉంది, లోపల రాగి ఉంది అని అర్థం. బరువు సంగతికొస్తే, రాజుగారి అర్ధపెన్నీలు పౌను రాగికి 46 కొట్టేవారు. డ్రూయిడ్ పెన్నీ దాదాపు ఔన్సు, అంటే పౌనుకు 16. ప్రభుత్వం ఇచ్చే రాగి కంటే గని కంపెనీ ఇచ్చే రాగే ఎక్కువ! ఉదారం కాదిది. రాగి అమ్ముకునేవాడికి రాగి ఎక్కువ వాడటంలో ఇబ్బంది లేదు, పైగా సరుకుకు ప్రచారం.

ఆ తర్వాత అంచు రాతకు వచ్చిన గతి చూస్తే నవ్వొస్తుంది. కంపెనీ బిళ్లలు బాగా చెల్లుతున్నాయని తెలిసి, ఏ గనీ మిల్లూ కొట్టూ లేనివాళ్లు కూడా బర్మింగ్‌హామ్ పనివాళ్ల చేత బిళ్లలు కొట్టించి జనంలోకి వదిలారు. అంచు ఖాళీగా వదిలితే అనుమానం వస్తుంది, ఊరి పేరు రాస్తే వచ్చి అడుగుతారు. అందుకని కొందరు అంచు మీద 'ఎక్కడైనా చెల్లుతుంది' అని రాయించారు. ఎక్కడైనా చెల్లుతుందన్నవాడు తన దగ్గర చెల్లుతుందని మాత్రం చెప్పలేదు.

ఇనుము వ్యాపారి జాన్ విల్కిన్‌సన్ తీరు వేరు. అదే 1787లో ఆయన కొట్టించిన బిళ్ల మీద డ్రూయిడ్లు లేరు, ఉన్నది ఆయనే. రాజు తల ఉండాల్సిన చోట కోటు తొడుక్కున్న లావుపాటి మనిషి, చుట్టూ జాన్ విల్కిన్‌సన్, ఇనుప దొర. పత్రికలు ఎగతాళి చేశాయి. అంచు మీద ఆయన కర్మాగారాలున్న నాలుగు ఊళ్ల పేర్లు, విల్లీ, స్నెడ్‌షిల్, బెర్షామ్, బ్రాడ్లీ. నాకు నచ్చింది ఆయన తల కాదు, వెనక వైపు. అందులో కొలిమిశాల లోపలి దృశ్యం. పెద్ద యంత్ర సుత్తి కింద కడ్డీ పట్టుకుని నిలబడ్డ పనివాడు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద జాగాలో సుత్తి బరువు తెలుస్తుంది, మనిషి నడుము వంపు తెలుస్తుంది. కూలి తీసుకునేవాడి బొమ్మ కూలి డబ్బు మీద పడటం, నాకు తెలిసినంతలో, అంతకుముందు నాణేల్లో అరుదు.

ఆ దారిలోనే ఇంకో మంచి బిళ్ల రోచ్‌డేల్ అర్ధపెన్నీ, 1791 నాటిది. లాంకషైర్‌లో ఉన్ని బట్టల ఊరు అది. ఒక వైపు గొర్రె ఉన్ని, రెండో వైపు మగ్గం ముందు కూర్చుని నేస్తున్న మనిషి. అంచు మీద, జాన్ కెర్షా గిడ్డంగిలో చెల్లించబడును అని. మగ్గాన్ని నాణెం మీదికి ఎక్కించడం ఎంత కష్టమో ఆలోచించండి. మగ్గమంటే గుంజలు, అడ్డకర్రలు, పడుగు, దోనె, అన్నీ గీతలే. ముఖాన్ని గుండ్రంగా ఉబ్బించి మాయ చేయవచ్చు, మగ్గంలో మాయ కుదరదు. ఒక గుంజ వంకర పోతే నేతపని తెలిసిన ఊరంతా పట్టేస్తుంది. పైగా చెక్కేది ఉక్కులో, లోతుకు, అద్దంలో కనిపించినట్టు తిరగేసి. నేతగాడి కుడిచెయ్యి చెక్కేవాడికి ఎడమ వైపు.

ఆ పని సాగే తీరు ఇది. మెత్తబరిచిన ఉక్కు దిమ్మను నున్నగా అరగదీసి, బొమ్మను సన్నని ఉలులతో లోతుకు తీస్తారు. మధ్య మధ్య మైనం నొక్కి చూసుకుంటారు. అక్షరాలు మాత్రం చెక్కరు, ఒక్కో అక్షరానికి ఒక్కో పోటు ఉంటుంది, దాన్ని సుత్తితో దించుతారు. అందుకే ఒకే కంపెనీ బిళ్లల్లో కూడా ఒక దాంట్లో అక్షరం కాస్త పైకి, ఇంకో దాంట్లో పక్కకు ఒరిగి కనిపిస్తుంది. డ్రూయిడ్ బిళ్లలను సేకరించేవాళ్లు ఓక్ కాయలు లెక్కపెట్టి మరీ ఇది ఫలానా ముద్ర అని తేల్చుకుంటారు. అంతా అయ్యాక దిమ్మను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరుస్తారు. వారాల తరబడి చేసిన పని ఆ ముంపులో ఒక్క చిటుకుతో పగిలిపోవచ్చు. అప్పటికి బతికినా వాడకంలో నెర్రె పడుతుంది, పడ్డ నెర్రె ఆపైన కొట్టిన ప్రతి బిళ్ల మీదా ఉబ్బెత్తు గీతగా కనిపిస్తుంది. బీటవారిన ముద్రను కూడా దాని అంచు విరిగేదాకా వాడుకున్నారు. ఉక్కు ఖరీదైనది, చెక్కేవాడి చెయ్యి ఇంకా ఖరీదైనది.

రాగి బిళ్ల పెన్నీల అవసరం తీర్చింది. షిల్లింగుల అవసరం మిగిలే ఉంది. ఫ్రాన్సుతో యుద్ధం మొదలయ్యాక వెండి కనబడకుండా పోయింది. ఇక్కడే నూలు మిల్లులు రంగంలోకి దిగాయి, వాటి పద్ధతి గని కంపెనీల పద్ధతికి పూర్తిగా భిన్నం. బొమ్మ చెక్కించలేదు, అంచు రాయించలేదు. దొరికిన స్పెయిన్ డాలర్లు కొని, వాటి మీద తమ ముద్ర ఒకటి గుద్దారు.

స్పెయిన్ డాలరంటే ఆ రోజుల్లో ప్రపంచమంతా చెల్లిన వెండి. మెక్సికోలోనో పోతోసీలోనో తవ్విన వెండి, అక్కడే కొట్టిన నాణెం, సుమారు 27 గ్రాములు. ఒక వైపు స్పెయిన్ రాజు కార్లోస్, రెండో వైపు రెండు స్తంభాల మధ్య రాజచిహ్నం. అంచు మీద వరసగా సున్నాలు, దీర్ఘచతురస్రాలు, ఎవరైనా వెండి గీకితే వెంటనే తెలిసిపోవడానికి. ఇంగ్లండు కేంద్ర బ్యాంకే 1797లో ఈ డాలర్ల మెడ మీద మూడో జార్జి తలను చిన్న అండాకారంలో గుద్ది, 4 షిల్లింగుల 9 పెన్సుకు చలామణి చేసింది. ఆ పోటు కొత్తగా చేసింది కూడా కాదు, వెండి సామాన్ల మీద సుంకం కట్టినట్టు గుర్తు వేసేదే. ఇద్దరు రాజుల తలలు కలిసినా ఒక్క క్రౌనుకు సరితూగలేదని జనం వేళాకోళం చేశారు. క్రౌనంటే 5 షిల్లింగుల నాణెం, కిరీటం కూడా.

మిల్లులు అదే తోవ పట్టాయి. డెర్బీషైర్‌లోని క్రామ్‌ఫర్డ్, 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి బలంతో నూలు వడికే మిల్లు పెట్టిన చోటు. అక్కడి డాలరు మీద గుండ్రటి ముద్రలో క్రామ్‌ఫర్డ్, డెర్బీషైర్ అని ఊరు పేరు, మధ్యలో 4/9, అంటే 4 షిల్లింగుల 9 పెన్సు. స్కాట్లండులో క్లైడ్ నది జలపాతాల పక్కన డేవిడ్ డేల్ కట్టిన న్యూ లానార్క్ మిల్లు డాలరు మీద, లానార్క్ మిల్లుల్లో చెల్లించబడును అని, 5 షిల్లింగులు. డీన్‌స్టన్, కాట్రిన్, బాలిండలాక్, రాత్సే మిల్లులవీ ఉన్నాయి.

కళగా చూస్తే ఇందులో ఏముంది అనిపించవచ్చు. ఒక పోటు, ఒక సుత్తి దెబ్బ, అయిపోయింది. కానీ ఆ ఒక్క దెబ్బ కొట్టడం రాగి బిళ్ల కొట్టడం కంటే కష్టం. అప్పటికే ముద్ర పడి గట్టిబడిన వెండి అది. బొమ్మ ఉబ్బెత్తుగా, నేల పల్లంగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. గుండ్రటి ముద్ర అంచు మొత్తం ఒకేసారి తాకాలి, అందులో సగం రాజు బుగ్గ మీద, సగం పల్లంలో. దెబ్బ ఏటవాలుగా పడితే ఒక వైపు అక్షరాలు లోతుకు దిగుతాయి, రెండో వైపు అసలు పడవు. బలం ఎక్కువైతే నాణెం వంగుతుంది. ఏది ఎలా పడ్డా కింది వైపు దెబ్బ ఎదురైన చోట రాజచిహ్నం చదునై, కోట బురుజులూ సింహాలూ మాసిపోతాయి. మంచి డాలరును వెనక్కి తిప్పి చూస్తే ఆ చదును గుండ్రంగా, సమంగా, సరిగ్గా ముద్ర కొలతలోనే ఉంటుంది. కొట్టినవాడి నేర్పు కనిపించేది ముందు వైపు అక్షరాల్లో కాదు, ఈ వెనక చదునులోనే. బండపని అనుకున్న చోట ఇంత ఒద్దిక ఉండటమే నన్ను ఆకట్టుకుంటుంది.

ఇక్కడ అనుమానం చోటు మారిందని గమనించాలి. లోహం గురించి ఎవరికీ అనుమానం లేదు, వెండి వెండే. అనుమానమల్లా విలువ మీద. వెండి ధర ఎక్కితే డాలరు కరగబెట్టేవాళ్ల పాలవుతుంది, దిగితే కొట్టువాడు తీసుకోడు. అందుకే మిల్లు తన పేరూ అంకే మాత్రం గుద్దింది. ఇది మా ఊళ్లో ఇంతకు చెల్లుతుంది, మేం ఉన్నాం అని.

ఈ రెండు పద్ధతులనూ మింగేసినవాడు బర్మింగ్‌హామ్ శివార్లలోని సోహోలో ఉన్న మాథ్యూ బోల్టన్. జేమ్స్ వాట్ భాగస్వామి. ఆవిరి యంత్రంతో ముద్ర వేసే ప్రెస్సులు నడిపించి, 1790లో పేటెంటు తీసుకున్నాడు. మనిషి చేత్తో తిప్పే మర ప్రెస్సులో ప్రతి దెబ్బా ఒక్కోలా పడుతుంది, పొద్దున్న దెబ్బకూ సాయంత్రం దెబ్బకూ తేడా ఉంటుంది. ఆవిరికి అలుపు లేదు. బోల్టన్ అసలు బలం మాత్రం ఆవిరిలో కంటే కంఠెలో ఉందంటాను. బిళ్ల చుట్టూ ఉక్కు కంఠె బిగించి అందులోనే దెబ్బ కొట్టడం వల్ల రాగి పక్కలకు సాగలేదు, ప్రతి బిళ్లా ఒకే కొలత గుండ్రం. పది బిళ్లలు దొంతిగా పెడితే గోడలా నిలబడతాయి, మధ్యలో తేడా బిళ్ల ఉంటే వేలికి తగులుతుంది. కానీ కంఠెలో కొడితే అంచు మీద అక్షరాలెలా? ఆయన రప్పించిన స్విట్జర్లండు చెక్కడపు పనివాడు జాన్ పియర్ డ్రోజ్ కంఠెను ఆరు ముక్కలుగా చేసి, దెబ్బ పడే క్షణంలో బిగిసి తర్వాత విచ్చుకునేలా కుదిర్చాడు. నమూనాలు అద్భుతంగా వచ్చాయి, వేలల్లో కొట్టడానికి పనికిరాలేదు. ఇద్దరికీ చెడింది.

1797లో ప్రభుత్వం చివరికి బోల్టన్‌కే రాగి నాణేల పని అప్పగించినప్పుడు ఆయన అంచు రాతను వదిలేసి ఇంకో ఉపాయం చేశాడు. పెన్నీకి ఔన్సు, రెండు పెన్నీలకు రెండు ఔన్సులు రాగి. చుట్టూ ఎత్తైన వెడల్పాటి గట్టు, అక్షరాలు ఆ గట్టు లోపలికి దిగి ఉంటాయి. గట్టు అరిగితే తప్ప అక్షరం అరగదు. ఆ బరువు చూసి జనం వాటికి బండిచక్రాలు అని పేరు పెట్టారు. 1804లో బ్యాంకు డాలర్ల మీద చిన్న ముద్రలు మాని పూర్తిగా కొత్త బొమ్మ వేయమంటే, సోహో ప్రెస్సు స్పెయిన్ రాజును ఒక్క దెబ్బతో తుడిచేసి జార్జిని నిలబెట్టింది. అయినా వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని చూస్తే, చాలా డాలర్లలో పాత లాటిన్ అక్షరాల ముక్కలు, పాత స్తంభం అంచు ఇంకా కనిపిస్తాయి. వెండికి మరుపు త్వరగా రాదు.

ఇదే సోహో నుంచి మన దగ్గరికీ సరుకు వచ్చింది. 1794లోనూ 1797లోనూ ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తా జిల్లాల కోసం, బోల్టన్ దగ్గర రాగి నాణేలు కొట్టించింది. కంపెనీ రాజచిహ్నం, రూపాయికి 48 అన్న లెక్క ఇంగ్లీషు అక్షరాల్లో. సగం విలువ నాణెం మీద రూపాయికి 96. చేతిపోటుతో కొట్టిన వంకర రాగి డబ్బులకు అలవాటుపడ్డ సంతలో యంత్రం కొట్టిన ఆ నిఖార్సయిన గుండ్రాలు ఎంత వింతగా ఉండి ఉంటాయో. అక్షరాలు మాత్రం మచిలీపట్నంలో చేపలమ్ముకునే మనిషికి అర్థమయ్యేవి కావు. మద్రాసు టంకశాల నాణేల మీద తెలుగు, తమిళం కనిపించడానికి 1807 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక కొట్టు సంగతి. మిల్లులు ఏటి పక్కన, ఊళ్లకు దూరంగా ఉండేవి. బిళ్ల మీద చెల్లిస్తామని రాసిన కంపెనీయే పిండీ సబ్బూ కొవ్వొత్తీ అమ్మేది. నిజాయితీగా నడిపితే సదుపాయం, లేకపోతే ఉచ్చు. 1800లో న్యూ లానార్క్ బాధ్యత తీసుకున్న రాబర్ట్ ఓవెన్, అప్పటిదాకా అప్పుల మీద నాసిరకం సరుకు ఎక్కువ ధరకు అంటగట్టిన కొట్లను తీసేసి మిల్లు తరఫున కొట్టు పెట్టాడు. టోకున మంచి సరుకు కొని, కొన్న ధర మీద కొద్దిగా వేసి అమ్మాడు. పనివాళ్ల ఖర్చు 25 శాతం తగ్గిందని తన లెక్క తనే చెప్పుకున్నాడు, మిగిలిన లాభం ఊరి బడికి పోయింది. మిగతాచోట్ల చాలామంది యజమానులకు ఆ బుద్ధి పుట్టలేదు. 1817లో పార్లమెంటు ప్రైవేటు రాగి బిళ్లలను నిషేధించింది, 1831 చట్టం కూలిని చలామణి నాణెంలోనే ఇవ్వాలంది. ఆ తర్వాత కూడా కొట్టు దౌర్జన్యం ఎంత సాగిందో తెలియాలంటే 1845లో డిజ్రేలీ రాసిన 'సిబిల్' నవల చదివితే చాలు. నేతగాడి బొమ్మతో అర్ధపెన్నీ కొట్టించిన ఆ రోచ్‌డేల్‌లోనే 1844 డిసెంబరులో నేతగాళ్లూ తదితరులూ చందాలు వేసుకుని సొంత కొట్టు తెరిచారు. సహకార సంఘాల చరిత్ర అంతా ఆ టోడ్ లేన్ కొట్టు నుంచే మొదలుపెట్టి చెబుతారు.

బోల్టన్ యంత్రాలు 1850లో వేలానికి వచ్చినప్పుడు బర్మింగ్‌హామ్‌కే చెందిన రాల్ఫ్ హీటన్ కొన్నాడు. ఆ హీటన్ల టంకశాల తర్వాతి దశాబ్దాల్లో అస్సాం తేయాకు తోటలకు బిళ్లలు కొట్టిపెట్టింది. గంజాం, విశాఖపట్నం వైపు నుంచి వలసపోయిన తెలుగు కూలీలు కూడా ఆ తోటల్లో ఉన్నారు, వాళ్ల మనవలు మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. తోట బిళ్ల విలువ పెన్నీలూ పైసలూ కాదు, హాజరీ. పూర్తి రోజు పనికి ఒకటి, సగం రోజుకు వేరొకటి. తోట పేరు తప్ప అలంకారం దాదాపు ఉండదు. కొన్ని గుండ్రం, కొన్ని కోడిగుడ్డు ఆకారం, కొన్ని మూడు పలకలు, కొన్నిటికి బెజ్జం. చదువు రానివాళ్ల వేళ్లకు తెలిసేలా ఆకారం మీద ఆధారపడ్డ పని అది, దాన్ని తక్కువ చేసి చూడను. అయితే తోట సరిహద్దు దాటితే ఆ బిళ్లకు విలువ లేదు. తోట విడిచి పారిపోవాలనుకున్న కూలీకి దారిఖర్చుగా అది పనికిరాదు.

అమెరికాలో ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా బతికింది, ముఖ్యంగా బొగ్గు గనుల ఊళ్లలో, కలప మిల్లుల ఊళ్లలో. ఓహాయో రాష్ట్రంలో డేటన్‌లోని ఇంగిల్-షీర్లో, సిన్సినాటిలోని ఆస్బోర్న్ రిజిస్టర్ కంపెనీ లాంటివి ఈ బిళ్లలు తయారుచేశాయి. పనివాడు బట్వాడా రోజు దాకా ఆగలేక కంపెనీ ఆఫీసుకు వెళితే, రాబోయే కూలి మీద పద్దు రాసుకుని బిళ్లలు ఇచ్చేవారు. 1, 5, 10, 25, 50 సెంట్లు, డాలరు. ఇత్తడి, నికెల్, అల్యూమినియం, రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం కరువై ఫైబరు కూడా.

వాటిలో నేర్పంతా మధ్యలో ఉన్న రంధ్రంలో ఉంది. కంపెనీ పేరులోని మొదటి అక్షరాన్నో, నక్షత్రాన్నో, హృదయాకారాన్నో బిళ్ల ఈ వైపు నుంచి ఆ వైపుకు తొలిచేశారు. ముద్ర పడ్డ బిళ్లలో పక్కన ఉన్న అక్షరాలు నలగకుండా, అంచులు చీరుకుపోకుండా, ప్రతిదాంట్లో సరిగ్గా అదే చోట కోత పడాలంటే పోటూ కింది దిమ్మా మధ్య సందు వెంట్రుకంత కూడా ఎక్కువ ఉండకూడదు. మంచి బిళ్ల కోత మీద గోరు నడిపితే ఎక్కడా గరుకు తగలదు. కొట్లో గుమాస్తా గల్లాపెట్టెలో వేలు పెట్టి చూడకుండానే ఇది మనది, ఇది పక్క గనిది, ఇది అసలు డబ్బు అని వేరు చేస్తాడు. అసలు డబ్బని పొరబడటానికి లేదు, పక్క ఊరి కంపెనీ బిళ్ల తెచ్చి ఇక్కడ మార్చడానికి లేదు. చాలా వాటి మీద సరుకుల రూపంలోనే అనీ, బదిలీ చేయరాదనీ రాసి ఉంటుంది.

డ్రూయిడ్ పెన్నీ చేసినవాడు దొంగను ఆపడానికి అంచు మీద మూడు ఊళ్ల పేర్లు తిప్పాడు. అమెరికా బిళ్ల చేసినవాడు కూలివాడు వేరే కొట్టుకు పోకుండా ఆపడానికి రంధ్రం తొలిచాడు. ఇద్దరి ఉక్కు పనిలోనూ వంక పెట్టడానికి లేదు. ఏది మేలంటే డ్రూయిడ్‌కే నా ఓటు, ఆ గడ్డం పాయల కోసం. ఈ రంధ్రం వేసిన పోటు కూడా తక్కువదేం కాదు. దాన్ని చేసినవాడికి కంపెనీ ఏం కోరిందో బాగా తెలుసు, అడిగినదంతా చేసిపెట్టాడు. పక్క వీధి కిరాణావాడు కంపెనీ బిళ్ల తీసుకుంటే తీసుకునేవాడే, కాకపోతే డాలరు బిళ్లకు డాలరు సరుకు ఇచ్చేవాడు కాదు. ఎంత కోత వేయాలో వాడిష్టం.